సమర్తకు సీరు మోసిన మనం, ముట్టుడిగినప్పుడు ఎక్కడున్నాం?



ఎప్పటిలాగే ముందు ఒక మనవి. మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు మాట అమ్మ దగ్గర, తెలుగు అక్షరాలు రిటైరయ్యే ముందు మన సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నవి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. విషయమే తప్పనిపిస్తే మాత్రం మన్నించవద్దు, మొహం మీదే చెప్పండి.

పోయిన నెల మన హాల్లో మహిళా విభాగం కూటమి జరిగింది. బయటి నుండి ఒకామె వచ్చి ఒక పొడి డబ్బా అమ్మింది. ముట్టు ఆగే వయసులో వచ్చే ఒంటి సెగలు, నిద్రలేమి, మోకాళ్ళ నొప్పులు, కోపం, అన్నీ మూడు నెలల్లో పోతాయట. డబ్బా ధర 1,650 రూపాయలు. మన ఆడవాళ్ళు పద్నాలుగు మంది కొన్నారు. మా ఇంటామె కూడా ఒకటి తెచ్చింది. తరువాతి కమిటీ మీటింగులో ఈ సంగతి మేము ఎత్తితే ఇద్దరు నవ్వారు. ఒక పెద్దాయన, "ఇవన్నీ ఆడవాళ్ళ విషయాలు, సంఘంలో మాట్లాడతారా?" అని కోప్పడ్డారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ ఆ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేము.

ఆడవాళ్ళ విషయమా? సరే. మరి ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు అది ఎవరి విషయం? కార్డు కొట్టిస్తాం. కల్యాణ మండపం మాట్లాడతాం. వీధి మొదట్లో పిల్ల ఫోటోతో ఫ్లెక్సు బోర్డు కట్టిస్తాం. మేనమామ సీరు తట్టలు ఎన్ని వచ్చాయో నిలబడి లెక్కపెడతాం. మినుములు, నువ్వుల నూనె, కరుపట్టి, కోడిగుడ్లు వస్తాయి. పిల్లకు రోజూ ఉళుందంకళి చేసి, మధ్యలో గుంట పెట్టి నూనె పోసి, "తినమ్మా, నడుము గట్టిపడాలి" అని బలవంతంగా తినిపిస్తారు. ముట్టు మొదలైన రోజు ఊరందరి విషయం. అదే ముట్టు ముప్పై ఏళ్ళ తరువాత ఆగిపోతే ఆమె ఒక్కతెకే విషయమా? అప్పుడు నడుము గట్టిపడనక్కర లేదా?

మేమూ సీరు మోసినవాళ్ళమే. మా అక్క కూతురు సమర్తకు దిండిగల్లుకు పదకొండు తట్టలు తీసుకెళ్ళాం. రైల్లో ఆ తట్టలను మేము కాపలా కాసిన తీరు చూసి తోటి గుమాస్తాలు ఎగతాళి చేశారు. గర్వంగా ఉండింది. తరువాత అక్కకు నలభై ఆరేళ్ళు వచ్చినప్పుడు ఆమెకు ముట్టు ఆగిపోయింది. ఆ సంగతి మాకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. వెళ్ళినప్పుడల్లా చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ ఉండేది. "ఏమక్కా ఇట్ల చెమట?" అంటే "వంటింటి వేడి రా" అనేది. కాఫీ తాగి, బస్సుకు టైమైందని లేచి వచ్చేవాళ్ళం.

అక్క తిండి ఏమిటో ఇప్పుడు గుర్తు చేసుకుంటే భయమేస్తుంది. పొద్దున రెండు కాఫీలు. పదకొండుకు మిగిలిన ఇడ్లీలు. మధ్యాహ్నం అందరూ తిన్న తరువాత గిన్నె అడుగు అన్నం, రసం, ఊరగాయ. పాలు మనవళ్ళకు. గుడ్డు కొడుక్కి. ఏకాదశి, షష్ఠి, శుక్రవారం, పురటాసి శనివారాలు అంటూ నెలలో ఎన్నో పూటలు పస్తు. అరవై మూడో ఏట స్నానాల గదిలో జారింది. పెద్దగా పడనేలేదు, గోడ పట్టుకుని కూలబడింది అంతే. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మళ్ళీ సరిగ్గా నడవలేదు. మరుసటి ఏడు పోయింది. పాలు తాగి ఉంటే విరిగేది కాదని మేము ప్రమాణం చేయలేము. కానీ పదిహేడేళ్ళు ఆమె పళ్ళెం వైపు ఒక్కసారైనా మేము చూడలేదన్నది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలం.

అందుకే ఇది రాస్తున్నాం. ముందు జరిగేదేమిటో తెలుసుకుందాం. డాక్టర్లు చెప్పినదీ, పుస్తకాల్లో చదివినదీ మాకు అర్థమైన మేరకు చెబుతాం.

మన దేశంలో ఆడవాళ్ళకు ముట్టు ఆగే వయసు సగటున నలభై ఆరు, నలభై ఏడు. తెల్లదేశాల్లో యాభై ఒకటి దరిదాపు. అంటే మనవాళ్ళకు నాలుగైదేళ్ళు ముందే. పన్నెండు నెలలు వరసగా రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. దానికి ముందు కొన్నేళ్ళు తారుమారుగా వస్తుంది. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారీ తగ్గిస్తాయి. ఒంటి వేడిని సర్దే చోటు మెదడులో ఒకటి ఉంది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఆ చోటు చిన్న మార్పుకే కంగారు పడి, ఒళ్ళు కాగిపోతోందని అనుకుని, చెమట వదిలేస్తుంది. అదే సెగ. అది వంటింటి వేడి కాదు, కోపమూ కాదు, నటన అంతకంటే కాదు.

బయటికి కనిపించేది సెగ. కనిపించనివి ఇంకా ఉన్నాయి. ముట్టు ఆగిన మొదటి ఐదారేళ్ళలో ఎముక చాలా వేగంగా అరుగుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. బీపీ, షుగర్ అప్పుడే తలుపు తడతాయి. సెగ కొన్నేళ్ళకు తగ్గిపోవచ్చు. అరిగిన ఎముక తిరిగి రాదు. తిండి గురించి మాట్లాడాల్సింది ముఖ్యంగా ఈ రెండో లెక్క కోసం. డబ్బా అమ్మేవాళ్ళు మొదటి లెక్క చూపించి, రెండో లెక్క దాచేస్తారు.

ఆ డబ్బా సంగతే చూద్దాం. మేము బిల్లు గుమాస్తా పని చేసినవాళ్ళం, చిన్న అక్షరాలు చదవడం అలవాటు. వెనక చూస్తే సోయా పిండి, చక్కెర, వాసన కోసం ఏదో, కొన్ని విటమిన్లు. సోయాలో ఈస్ట్రోజెన్‌ను కొంచెం పోలిన పదార్థం ఉన్న మాట నిజం. కొన్ని పరిశోధనల్లో సెగలు కాస్త తగ్గాయి, కొన్నింటిలో ఏమీ తేడా లేదు. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ వాళ్ళు ఇవన్నీ ముందు పెట్టుకుని 2023లో ఒక ప్రకటన ఇచ్చారు. సెగలకు మందుగా సోయా ఆహారాన్నీ, సోయా సారాన్నీ, మూలికల మాత్రలనూ సిఫారసు చేయలేమన్నారు. అక్కడే సిఫారసు చేసిన వాటిలో ఒకటి బరువు తగ్గడం. అమెరికాలోనే విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. అందులో 17 వేల మందికి పైగా ముట్టుడిగిన ఆడవాళ్ళను చూసినప్పుడు, కొవ్వు తగ్గించి కూరగాయలు, పండ్లు, ముడిధాన్యాలు పెంచి, దానితో బరువు కూడా తగ్గినవాళ్ళకు సెగలు పోయే అవకాశం ఎక్కువగా కనిపించింది. అంటే సోయా గింజలు తింటే తప్పని కాదు. మంచి పప్పుధాన్యం, ఉడికించుకుని తినండి. మూడు నెలల్లో అన్నీ పోతాయనే మాటకు 1,650 రూపాయలు ఇవ్వవద్దు, అంతే.

ఇప్పుడు మా ఇంటి కథ. దాచుకుని ఏం లాభం? రాత్రి రెండు గంటలకు ఫ్రిజ్జు తలుపు తెరిచి దాని ముందు నిలబడి ఉన్న మనిషిని మేము కళ్ళారా చూశాం. "ఆకలా?" అని అడిగాం. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసినవాడు అడగాల్సిన ప్రశ్నా అది? ఆమె జవాబు చెప్పలేదు.

తరువాత ఒక లేడీ డాక్టరు చెప్పిన మీద ఒక నోటుబుక్కు పెట్టాం. ఎడమ వైపు తేదీ, సెగ వచ్చిన టైము. కుడి వైపు అంతకు ముందు తిన్నది, తాగింది. మూడు వారాలు రాసింది. సాయంత్రం నాలుగున్నర కాఫీ తాగిన రోజుల్లో, రాత్రి పదికి పొగలు కక్కే మిరియాల రసం తాగిన రోజుల్లో ఎక్కువ కనబడింది. కాఫీ పొద్దుటికి ఒకటే చేసింది. రాత్రి తిండి ఎనిమిదికి జరిపాం. ఆమెకు రాత్రి లేవడం తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇందులోనూ నిజం చెప్పాలి. పైన చెప్పిన ప్రకటనలోనే, ఇలా కాఫీ, కారం మానడం అందరికీ పనిచేస్తుందని సిఫారసు చేయలేదు. మా ఇంటామెకు ఉపయోగపడింది. మీ ఇంటామెకు వేరే ఏదో కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. నోటుబుక్కు ఖర్చు ఇరవై రూపాయలు. నష్టం లేదు.

ఆ నోటుబుక్కు వల్ల సెగ కంటే పెద్ద సంగతి ఒకటి బయటపడింది. కుడి వైపు రాసినవి చూసి మాకు పాత ఉద్యోగం గుర్తొచ్చి కూడికలు వేశాం. ఎముకకు కావలసిన కాల్షియం రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు, ముట్టుడిగిన తరువాత 1200 దాకా అని డాక్టర్లు చెబుతారు. ఆమె తిండిలో ఎంత వచ్చిందంటే, కాఫీల్లోని పాలు, నీళ్ళ మజ్జిగ, అన్నం, రసం, కూర అన్నీ కలిపి మూడు వందలు దాటలేదు. రైల్వేలో మూడో వంతు జీతమే ఇచ్చి సంతకం పెట్టమంటే యూనియన్ ఊరుకుంటుందా? మన ఇళ్ళలో ఆడవాళ్ళ ఎముకలు ముప్పై ఏళ్ళుగా సంతకం పెడుతూనే ఉన్నాయి.

మరి వెయ్యి ఎట్ల పూర్తి చేయాలి? డబ్బా అక్కర లేదు. పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు తీసుకుంటే 450 దాటుతుంది. రాగి పిండి 60 గ్రాములు, అంటే ఒక సంగటి ముద్దకో రెండు రొట్టెలకో, 200 వస్తుంది. మునగాకు ఒక పెద్ద పిడికెడు, 50 గ్రాములు, 150 వస్తుంది. నువ్వులు ఒక పెద్ద చెంచా వేయించి పొడి చేసుకుంటే ఇంకో వంద. పప్పు, మినుములు, మిగతా కూరలతో వెయ్యి దగ్గరికి వస్తాం. నువ్వుల్లోదీ, ఆకుల్లోదీ ఒంటికి అంతా పట్టదు, పాలల్లోది బాగా పడుతుంది. పాలకూరలో ఉన్నది దాదాపు పట్టదనే చెప్పాలి. అందుకే ఆకు అంటే మునగాకు ముందు. ఎండ తగలకపోతే విటమిన్ డి చాలదు, అది లేకపోతే తిన్న కాల్షియం కూడా ఒంటికి సరిగా ఎక్కదు. శుద్ధ శాకాహారం తినేవాళ్ళకు బి12 కూడా తగ్గుతుంది. ఈ రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి.

రెండోది మాంసకృత్తులు, అదే ప్రోటీన్. మామూలుగా కిలో బరువుకు 0.83 గ్రాములని లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. రసం అన్నంతో ఇది రాదు. ముప్పై గ్రాముల కందిపప్పులో ఏడు గ్రాములకు లోపే. ఒక గుడ్డులో ఆరు. పప్పు చారులో పైన తేరిన నీళ్ళు ఆమెకు, అడుగున దిగిన పప్పు మనకు వడ్డిస్తున్నంత కాలం ఆమె కండ కరగక ఏం చేస్తుంది? కండ కరిగితే కాలు తడబడుతుంది. కాలు తడబడితే తుంటి విరుగుతుంది. మా అక్క కథ అక్కడే మొదలైందని మా అనుమానం.

ఈ లెక్కలు చూస్తే మీకు ఒకటి తోచాలి. మినుములు, నువ్వులు, గుడ్డు, రాగి. ఇవి ఎక్కడో చూసిన తట్టలు కాదా? సమర్తాడిన పిల్లకు మనం పెట్టేవీ ఇవే కదా! మన పెద్దవాళ్ళకు ఆడదాని ఒంటికి ఏం కావాలో తెలుసు. మొదటి రోజుకు తెలుసు. చివరి రోజుకు ఎవరూ తట్ట పంపలేదు. పిల్లను కనే ఒంటికి సీరు, కనడం అయిపోయిన ఒంటికి గిన్నె అడుగు. చెప్పడానికి చేదుగా ఉన్నా మన లెక్క అదే.

దీనికి మనవాళ్ళు చెప్పే అడ్డుమాటలు మాకు తెలుసు.

ఒకటి, "మా అవ్వలకు ఇవన్నీ ఉండాయా? వాళ్ళు ఏ డాక్టరు దగ్గరికి పోయారు?" అంటారు. ఉండాయి. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు సజ్జలు, జొన్నలు, రాగులు దంచి తిన్నారు, ఎండలో నడిచారు, బరువులు మోశారు, కొంత కాపాడింది. అయినా మీ ఇంటి పాత ఫోటోల ఆల్బం తీసి చూడండి. నడుము వంగిపోయి, కర్ర పట్టుకుని, నేల చూస్తున్న అవ్వ ఒకామె ఉంటుంది. మనం దాన్ని వయసు అనుకున్నాం. చాలామందిలో అది వెన్నుపూసలు ఒక్కొక్కటిగా నలిగి విరగడం. చప్పుడు లేకుండా విరిగాయి, ఆమె కూడా చప్పుడు చేయలేదు.

రెండు, "నువ్వులు వేడి, గుడ్డు వేడి, ఇంత సెగలో అవి పెడితే ఇంకా రేగుతుంది" అంటారు. ఇది మన ఇళ్ళలో అన్నిటికంటే పెద్ద నష్టం చేసే మాట. ఆమె సెగ అని చెప్పిన మరుసటి రోజు నుండే నువ్వులు, గుడ్డు మానిపిస్తారు. మిగిలేది మజ్జిగ నీళ్ళు, అన్నం. సెగకు కారణం హార్మోను తగ్గడం. నువ్వుండ తిన్నందుకు అది రాదు. తిన్నాక ఆమెకు నిజంగా పడకపోతే నోటుబుక్కులో కనబడుతుంది. అప్పుడు మానవచ్చు. పక్కింటావిడ చెప్పిందని మానకూడదు.

మూడు, "ఉపవాసాలు మానమంటారా? దేవుడి జోలికి వస్తారా?" అంటారు. రాము. మేమూ పురటాసి శనివారాలు పెట్టేవాళ్ళమే. కానీ ఉపవాసం వేరు, ఆకలితో మాడడం వేరు. పాలు, పెరుగు, పండు, ఉడికించిన వేరుశనగలతో ఉపవాసం ఉండొచ్చు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా పస్తు ఉండకూడదు. ఇంకో మాట. మన ఇళ్ళలో ఉపవాసం ఎక్కువగా ఆమె ఉంటుంది, కొడుకు కోసం, మొగుడి కోసం. ఆమె కోసం మనలో ఎవరైనా ఒక్క పూట ఉన్నామా?

నాలుగు, "మేము వద్దన్నామా? తినమనే అంటాం, ఆమే తినదు" అంటారు. ఈ మాట మేమూ చాలా ఏళ్ళు అన్నాం. వండింది ఎంత, మనం తిన్నది ఎంత, మిగిలింది ఎంత అని చూడకుండా తినమనడం నోటి మాట. కొత్త ఎత్తు ఏమీ లేదు. నలుగురూ ఒకేసారి కూర్చోండి. పప్పు గిన్నె మీ చేతిలోకి తీసుకుని ముందు ఆమె పళ్ళెంలో వేయండి. మా ఇంట్లో మొదటి వారం ఆమెకే కోపం వచ్చింది, "ఏమిటీ కొత్త వేషం" అని. రెండో వారం ఊరుకుంది. ఇప్పుడు మేము మరిచిపోతే పళ్ళెం ముందుకు జరుపుతుంది.

ఇక్కడ ఆంధ్ర వైపు మన చుట్టాల సంగతి ఒకటి చెప్పాలి. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువ జరిగే చోట్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే చెబుతున్నాయి. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు వింటూనే ఉంటాం, ముప్పై అయిదుకే తీయించేశారు, ఇక ఏ పీడా లేదు అని. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్టుడిగే వయసు ఆ రోజే వచ్చేసినట్టు. సెగలు మెల్లగా కాదు, ఒక్కసారిగా వస్తాయి. ఎముక అరగడం కూడా పదేళ్ళు ముందే మొదలు. మన పిల్లలను అక్కడ ఇచ్చాం, అక్కడి పిల్లలను తెచ్చుకున్నాం. అలాంటి ఆడవాళ్ళు మన ఇంట్లో ఉంటే వాళ్ళ పళ్ళెం ఇంకా ముందు చూడాలి, డాక్టరుకు ఇంకా ముందు చూపాలి.

తిండి తిండే, మందు మందే. అన్నీ రాగి సంగటితో పోతాయని మేము చెబితే డబ్బా ఆమెకూ మాకూ తేడా ఏముంది? సెగలు నిద్ర పట్టనివ్వనంతగా ఉంటే మందులు ఉన్నాయి, కొందరికి హార్మోను చికిత్స కూడా సరిపోతుంది, కొందరికి కూడదు. అది డాక్టరు నిర్ణయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు, గుండెదడ వస్తాయి, పరీక్ష చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం ఒకటి. ఏడాది పాటు ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే, ఒక్క చుక్కయినా, వెంటనే డాక్టరుకు చూపాలి. కషాయం వద్దు, పత్యం వద్దు, సిగ్గు అసలే వద్దు. అది క్యాన్సరుకు గుర్తు కావచ్చు. తొందరగా చూస్తే నయమయ్యేదాన్ని మొహమాటంతో పోగొట్టుకోకండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీరు వినే ఉంటారు. అది పుట్టింది హైదరాబాదులో కాదు, మన తమిళనాడులోని కూనూరులో, 1918లో. బెరిబెరి జబ్బు గురించి వెతకడానికి మొదలై, 1958లో హైదరాబాదుకు పోయింది. బియ్యం మరీ తెల్లగా పాలిష్ పట్టి తింటే జబ్బు వస్తుందని తేలింది ఆ బెరిబెరి మీద జరిగిన పరిశోధనల్లోనే. నూరేళ్ళు దాటింది. మన సంఘం పండగ భోజనంలో ఈ రోజుకీ ఏముంది? తెల్లన్నం, మైదా పూరి, డాల్డా కేసరి, అప్పళం, ఊరగాయ, రెండో కాఫీ. మెనూ రాసేది మేమే, మగవాళ్ళమే. మొదటి పంక్తిలో కూర్చునేదీ మేమే.

అందుచేత వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఈ కోరికలు పెట్టబోతున్నాం. ఒప్పుకోనివాళ్ళు ఇప్పుడే తయారై రండి.

1. సంఘం హాల్లో ఏ పొడి డబ్బా, ఏ మాత్రలూ ఎవరూ అమ్మకూడదు. తెచ్చేది మన చుట్టమైనా సరే.

2. ఉగాది భోజనంలో కేసరి ఒక్కటి తీసేసి రాగి సంగటి, మునగాకు పప్పు, సుండల్, నువ్వుండ పెట్టాలి. ఖర్చు పెరగదు, లెక్క మేము వేసి ఇస్తాం.

3. మొదటి పంక్తి ఆడవాళ్ళది. వడ్డించేది మగవాళ్ళు. కమిటీ సభ్యులతో మొదలు.

4. ఏడాదికి ఒకసారి లేడీ డాక్టరును పిలిచి నలభై దాటిన ఆడవాళ్ళతో మాట్లాడించాలి. బీపీ, షుగర్, రక్తహీనత పరీక్షలు హాల్లోనే చేయించాలి. ఆ రోజు మగవాళ్ళకు కూడా గంటసేపు విడిగా క్లాసు పెట్టాలి. మాకే ఎక్కువ అవసరం.

5. ఇది సంఘం తీర్మానం కాదు, మా వేడుకోలు. మీ అక్కకో, చెల్లెలికో నలభై అయిదు దాటి ఉంటే ఒక సీరు తట్ట తీసుకెళ్ళండి. రెండు కిలోల రాగులు, కిలో నువ్వులు, కిలో మినుములు, కరుపట్టి, ఒక డజను గుడ్లు. ఆ పొడి డబ్బాకయ్యే డబ్బులో అన్నీ వస్తాయి. షుగర్ ఉన్నామెకు కరుపట్టి వద్దు, అది కూడా చక్కెర లాంటిదే, బదులుగా వేరుశనగలు పెట్టండి. ఎందుకు తెచ్చావని అడిగితే చెప్పండి. నోరు రాకపోతే మా పేరు చెప్పండి.

మా అక్కకు మేమిక తీసుకెళ్ళలేము. చెల్లెలు ఒకతె సేలంలో ఉంది. యాభై రెండేళ్ళు. పోయినసారి ఫోనులో "ఒళ్ళంతా సెగన్నా, ఇక్కడ ఎండలెక్కువ" అంది. ఎండలు కావని ఈసారి మాకు తెలుసు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. రిటైర్డ్ పాసు ఎట్లాగూ ఉంది. తట్టలు మోయడం కూడా మరిచిపోలేదు.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు, రిటైర్డ్ రైల్వే గుమాస్తా